ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి: తిరుపతి వాడలో ఒక కుర్రాళ్ల కార్యక్రమం

ఈ నివేదికలో పిల్లల పేర్లు, వాడ పేరు, బడి పేరు ఉండవు. కేసులో ఉన్న పిల్లవాడిని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. శేషాచలం అంచున ఇళ్లు గుట్ట మీదికి పాకుతూ పోయిన వాడల్లో ఒకటి అనుకుంటే చాలు. తిరుపతి తెలిసినవాళ్లకు అలాంటివి నాలుగైనా గుర్తుకొస్తాయి.

కేసు ఎలా వచ్చింది

బ్రహ్మోత్సవాల రద్దీలో బస్టాండు చుట్టుపక్కల యాత్రికుల ఫోన్లు పోయాయి. పట్టుబడిన నలుగురు అబ్బాయిలూ ఒకే వాడ వాళ్లు, ఒకే హైస్కూల్లో చదివినవాళ్లు. చిన్నవాడికి పద్నాలుగేళ్లు, పెద్దవాడికి పదిహేడు నిండాయి. ఆ ఫోన్లు కొన్న మనిషి మీద కేసు వేరే కోర్టులో నడిచింది. పిల్లల సంగతి బాలల న్యాయ మండలికి వచ్చింది. ప్రొబేషన్ అధికారి అందుబాటులో లేకపోతే సామాజిక దర్యాప్తును సామాజిక కార్యకర్తకు అప్పగించవచ్చు. పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అలా ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లే పని నాకు పడింది.

చిన్నవాడి ఇల్లు ఒకే గది. తల్లి లాడ్జీలో గదులు శుభ్రం చేస్తుంది. ఉదయం వెళితే రాత్రి తొమ్మిదికి గానీ రాదు. తండ్రి వేరే కాపురం పెట్టాడు. పిల్లవాడు మొదట సంపాదించింది నామాల డబ్బాతో. కాలినడక భక్తులు వచ్చే దారిలో నిలబడి, నుదుట నామం పెట్టి, చేయి చాపేవాడు. ఆ డబ్బుతో ఒకరోజు ఇంటికి కందిపప్పు తెచ్చినప్పుడు అమ్మ మెచ్చుకుందట. నిన్ను ఎవరైనా మెచ్చుకున్న సందర్భం చెప్పమంటే వాడికి గుర్తొచ్చింది అదొక్కటే. మరి ఆ పని ఎందుకు మానేశావని అడిగాను.

"మీసం వచ్చాక ఎవరూ నామం పెట్టించుకోరు మేడమ్. దగ్గరికి పోతే బ్యాగు గట్టిగా పట్టుకుంటారు."

తిరుమలకు రోజూ అరవై, డెబ్బై వేల మంది వచ్చిపోతారు. ఆ జనం చుట్టూ పిల్లల సంపాదనకు ఒక వరుస ఉంది. చిన్నప్పుడు నామాల డబ్బా, కాస్త ఎదిగాక లాడ్జీలకు గిరాకీ తెచ్చిపెట్టే దళారీ పని, ఆ తర్వాత రద్దీలో ఫోన్లు. పద్దెనిమిది దాటేసరికి బైకు నడపడం వస్తే ఎర్రచందనం బండ్లకు ముందు నడిచే పైలట్ పని. ఎవరూ బలవంతంగా ఈ దారి పట్టించరు. ఒక మెట్టు మీద వయసు మించిపోగానే తర్వాతి మెట్టు మీద తెలిసినవాడు ఎవరో ఒకడు నిలబడి ఉంటాడు.

మండలి ఆ నలుగురినీ ఇళ్లకు పంపుతూ కౌన్సెలింగ్‌కు ఆదేశించింది. చట్టం 18వ సెక్షన్‌లో మండలికి ఉన్న దారులు వరుసగా ఉంటాయి: మందలించి పంపడం, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్, చివరికి స్పెషల్ హోం. గ్రూప్ కౌన్సెలింగ్ అన్న మాట దగ్గర నా పెన్ను ఆగింది. గ్రూపులో ఎవరెవరు ఉండాలో చట్టం చెప్పదు. మన అలవాటు మాత్రం, పట్టుబడినవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పడం.

రెండు ప్రతిపాదనలు

వాడలో ఇంకా చాలామంది ఇదే దారిలో ఉన్నారన్న సంగతి స్టేషన్‌కూ తెలుసు, బడికీ తెలుసు. అందుకే మాట నలుగురితో ఆగలేదు. హెడ్మాస్టరు గదిలో కూర్చున్నప్పుడు రెండు ప్రతిపాదనలు ముందుకొచ్చాయి.

మొదటిది ఇన్‌స్పెక్టరు గారిది. "ఒకరోజు జైలు చూపిద్దాం మేడమ్. లోపలివాళ్ల చేత నాలుగు మాటలు చెప్పిస్తే దడుచుకుంటారు. భయం లేకపోతే ఎలా?" ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆ ఉద్దేశానికి ఒక చరిత్ర ఉంది. 1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, రావే జైల్లో యావజ్జీవ ఖైదీలు కుర్రాళ్లను ఎదురుగా నిలబెట్టి అరిచి భయపెట్టే కార్యక్రమం మొదలైంది. ఎంతో పేరొచ్చింది, చాలాచోట్ల అనుకరించారు. ఆంథనీ పెట్రోసినో, ఆయన సహ పరిశోధకులు అలాంటి వాటి మీద జరిగిన తొమ్మిది ప్రయోగాలను ఒకచోట చేర్చి 2002లో లెక్క చూశారు. జైలు చూసొచ్చినవాళ్లు, చూడనివాళ్ల కంటే ఎక్కువగా మళ్లీ నేరాల్లో పడ్డారు. ఇన్‌స్పెక్టరు గారికి ఇదే చెప్పాను. "మన కుర్రాళ్లు అక్కడ భయాన్ని చూడరు సార్. ఎవరి మాటకు ఎంత విలువ ఉందో చూసి వస్తారు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ ప్రతిపాదన మళ్లీ తేలేదు.

రెండోది కాదనడం కష్టమైంది. ఒక స్వచ్ఛంద సంస్థ ఊరి బయట శిబిరం పెడతామంది. పలు వాడల్లోని దారి తప్పిన కుర్రాళ్లను ఏరి, కొన్నాళ్లు అక్కడే ఉంచి యోగా, ఆటలు, ఉపన్యాసాలు. తిండి, బస అంతా వాళ్లదే. ఖర్చు లేకుండా వచ్చే మంచిని ఎవరు కాదంటారు? నేను కాదన్నాను. కారణం 1939లో అమెరికాలో మొదలైన ఒక కార్యక్రమం.

రిచర్డ్ క్లార్క్ కాబట్ బోస్టన్ వైద్యుడు, హార్వర్డ్ ఆచార్యుడు. ఆసుపత్రిలో రోగి ఇంటి పరిస్థితిని కనుక్కోవడానికి సామాజిక కార్యకర్తలు ఉండాలని 1905లోనే అమలు చేసి చూపించిన మనిషి. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఆయనకు రుణపడి ఉన్నాం. ఆయన మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 506 మంది బాలురను తీసుకుని, అన్ని విధాలా పోలిన ఇద్దరిద్దరిగా 253 జతలు కట్టించాడు. ప్రతి జతలోనూ ఎవరికి సాయం అందాలో నాణెం ఎగరేసి తేల్చారు. సాయం అందినవాళ్ల ఇంటికి నెలకు సుమారు రెండుసార్లు కౌన్సెలర్ వెళ్లేవాడు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. సగటున అయిదున్నర ఏళ్లు నడిచింది. పని మొదలైన ఏడాదే కాబట్ చనిపోయాడు.

ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలను వెతికి పట్టుకుంది. అప్పటికి నడివయసు మగవాళ్లు వాళ్లు. కోర్టు రికార్డులు, ఆసుపత్రి రికార్డులు, మరణాల నమోదు అన్నీ తిరగేసింది. 1978లో ఆమె ప్రచురించిన ఫలితం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. సాయం అందినవాళ్లలోనే రెండోసారి నేరం చేసినవాళ్లు ఎక్కువ, తాగుడు లక్షణాలు ఎక్కువ, త్వరగా చనిపోవడం ఎక్కువ. ఇంకో సంగతి: ఆ కార్యక్రమం మీకు మేలు చేసిందా అని అడిగితే మూడింట రెండు వంతుల మంది చేసిందనే చెప్పారు. అభిప్రాయ పత్రాలు నింపించుకుని నివేదికలకు జతచేసే మనలాంటివాళ్లు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. తర్వాతి కాలంలో మెకార్డ్ ఇంకా లోతుగా చూస్తే, చెడు ఎక్కువగా వేసవి శిబిరాలకు, అందునా ఒకసారికి మించి, వెళ్లినవాళ్ల దగ్గర కనిపించింది.

ఎందుకలా? ఆరెగాన్‌లో టామ్ డిషన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ఒక జవాబు పట్టుకున్నాడు. పదమూడు, పద్నాలుగేళ్ల అబ్బాయిలను స్నేహితుడితో కూర్చోబెట్టి వాళ్ల మాటలు వీడియో తీశాడు. ఒకడు తప్పుపని గురించి చెబుతుంటే రెండోవాడు నవ్వుతాడు. ఆ నవ్వు ఎంత ఎక్కువగా దొరికితే, తర్వాతి ఏళ్లలో మత్తు, గొడవలు అంత ఎక్కువ. చెడు తోవకు దగ్గరలో ఉన్న పిల్లలను గ్రూపుగా చేసి మంచి చెప్పిన తన సొంత కార్యక్రమంలో పొగాకు వాడకం పెరిగిందని కూడా ఆయనే లెక్క తీసి ప్రకటించాడు. ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యే సంగతి ఇది. పదిమంది ఫోన్ దొంగలను ఒక గదిలో పెడితే, అందరికంటే మంచి కథ చెప్పేది ఉపన్యాసకుడు కాదు.

శిబిరం వద్దన్నందుకు ఆ సంస్థవాళ్లు కొంత నొచ్చుకున్నారు. మండలికి ఇచ్చిన కౌన్సెలింగ్ ప్రణాళికలో నేను ఒకే నియమం రాశాను. ఈ నలుగురిలో ఏ ఇద్దరూ ఒకే గ్రూపులో ఉండకూడదు. వాళ్లు చేరే ప్రతి గ్రూపులోనూ ఏ కేసూ లేని పిల్లలే ఎక్కువమంది ఉండాలి.

వాడను అడగడం

ఏం చేయకూడదో ఇంతవరకు తేలింది. ఏం చేయాలో చెప్పింది అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన ఇద్దరు పరిశోధకులు: డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో. హాకిన్స్ పరిశోధనకు రాకముందు ప్రొబేషన్ అధికారిగా పనిచేశాడు. పిల్లవాడు తన బల్ల ముందుకు వచ్చేసరికే ఆలస్యమైపోతోందన్న చిరాకు ఆయన రాతల్లో నాకు కనిపిస్తుంది. ఆ చిరాకు నాకూ తెలుసు. 1981లో ఆయన సియాటిల్ బడుల్లో ఒకటో తరగతి నుంచే పని మొదలుపెట్టాడు. టీచర్లకు, తల్లిదండ్రులకు శిక్షణ, పిల్లలకు నలుగురితో మెలిగే నేర్పు. ఆరో తరగతి దాకా ఇదంతా అందినవాళ్లను పద్దెనిమిదేళ్లప్పుడు అడిగితే, హింసకు దిగినట్టు చెప్పినవాళ్లు 48.3 శాతం. ఏమీ అందనివాళ్లలో 59.7 శాతం. తేడా ఉంది, కానీ అద్భుతం కాదు. అందుకే నాకు నమ్మకం కలిగింది. ఎవరైనా తొంభై శాతం మారిపోయారంటే నేను ఆ కాగితం మడిచి పక్కన పెడతాను.

తర్వాత ఆ ఇద్దరూ బడి గోడ దాటి ఊరి మీదికి వెళ్లారు. 'కమ్యూనిటీస్ దట్ కేర్' అని ఆ పద్ధతికి పేరు. దాని మొదటి పని ఊరి పెద్దలను కూర్చోబెట్టడం, రెండోది బడి పిల్లలను పేరు రాయకుండా ప్రశ్నపత్రం నింపమనడం. ఏ ప్రమాదం ఎక్కువగా ఉందో వాళ్ల జవాబులే చెబుతాయి. అందులోంచి కొన్ని మాత్రమే ఎంచుకుని, వాటికి పనిచేస్తాయని రుజువైన కార్యక్రమాలు తీసుకోవాలి. 2003లో ఏడు రాష్ట్రాల్లో 24 పట్టణాలను పన్నెండు జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికే ఈ పద్ధతిని ఇచ్చి పరీక్షించారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ పట్టణాల పిల్లల్లో కొత్తగా తప్పుపనులు మొదలుపెట్టే అవకాశం 25 శాతం తక్కువ, మద్యం ముట్టుకునే అవకాశం 32 శాతం తక్కువ.

ఆ ప్రశ్నపత్రం మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. అందులో నామాల డబ్బా లేదు, గిరాకీ తెస్తే లాడ్జీవాళ్లు ఇచ్చే కమీషన్ లేదు, కొత్త అన్న ఒకడు బైకు తాళం చేతికిచ్చి ఒక రౌండు వేసి రమ్మనడం లేదు. మన ప్రశ్నలు మనం రాసుకున్నాం. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, టీచర్లు గదిలో లేకుండా, పేరు రాయకుండా పిల్లలు నింపారు. మా వాడ పెద్దల బృందంలో హెడ్మాస్టరు, సచివాలయం మహిళా పోలీసు, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం ఆర్పీ (రిసోర్స్ పర్సన్), ఆటో స్టాండు నాయకుడు, ఇన్‌స్పెక్టరు గారు ఉన్నారు. ఆటో స్టాండు నాయకుడిని ఎందుకని అందరూ అడిగారు. వాడలోకి ఎవరు కొత్తగా వస్తున్నారో స్టేషన్ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది, అందుకు.

జవాబులు చదివాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇన్‌స్పెక్టరు గారు గంజాయే మొదటి సమస్య అనుకున్నారు. ఆ మాట కొన్ని కాగితాల్లో ఉంది గానీ, ఎక్కువ కాగితాల్లో ఉన్నవి వేరు. బడి వదిలినప్పటి నుంచి అమ్మ వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఉండరు, ఆ వేళలో చిన్న పని చెప్పి డబ్బు ఇచ్చేవాళ్లు ఉన్నారు. రెండోది: నువ్వు ఏదైనా బాగా చేస్తే ఆ మాట నీతో చెప్పే పెద్దవాళ్లు ఉన్నారా అన్న ప్రశ్నకు చాలామంది ఖాళీ వదిలేశారు. ఈ రెండింటినే పట్టుకున్నాం. గంజాయి, సెల్‌ఫోన్ ఆటలు, పొగాకు వగైరాలు అన్నీ ఒకేసారి చేయాలన్న ఉత్సాహాన్ని ఆపడానికే ఒక సమావేశం పట్టింది.

పలక

హాకిన్స్, కాటలానోల సిద్ధాంతం నాలుగు మెట్లు. పిల్లవాడికి నిజంగా అవసరమైన పని ఒకటి చేతికివ్వాలి. అది చేయగల నేర్పు ఇవ్వాలి. చేశాక గుర్తించాలి. అప్పుడు ఆ మనుషులతో అనుబంధం పుడుతుంది, ఆ అనుబంధం ఉన్న చోటే వాళ్లు పెట్టిన నియమానికి విలువ ఉంటుంది. మనం సాధారణంగా నియమంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

తిరుపతిలో ఈ నాలుగు మెట్లూ ఏటా మే నెలలో ఒక వారం పాటు కళ్లముందు నడుస్తాయి. గంగమ్మ జాతరలో బైరాగి వేషంతో మొదలై బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వరుసగా వస్తాయి. లాడ్జీ ముందు నిలబడితే తరిమేసే కుర్రాడికి, వేషం వేసుకుని పలకల (డప్పుల) వెనక నడిస్తే జనం పక్కకు జరిగి దారి ఇస్తారు. వాడలో పలకలు కొట్టే పెద్దాయన ఒకరు ఉన్నారు. జాతరకు ముందు కొద్ది రోజులు మాత్రమే కుర్రాళ్లకు నేర్పేవారు. ఆయన్ని సాయంత్రం వేళ ఏడాది పొడవునా నేర్పమని అడిగాం. బడి మైదానంలో కబడ్డీ, అంగన్‌వాడీ గదిలో పదో తరగతి పిల్లలకు చదువు కూడా అదే వేళకు పెట్టాం. తల్లులు ఇంటికి వచ్చేదాకా మైదానంలో లైటు ఆర్పకూడదు. ఆ కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నదే కార్యక్రమం మొత్తంలో ఎక్కువ చర్చ నడిచిన అంశం.

చిన్నవాడు పలకల్లో చేరాడు. రెండోవాడు కబడ్డీకి వెళ్లాడు. బడి మానేసిన మూడోవాడు ఓపెన్ స్కూల్‌లో పేరు రాయించుకుని చదువు గదికి వచ్చాడు.

పలకల పెద్దాయనకు తిట్టడం ఒక్కటే నేర్పే పద్ధతి. "పొగిడితే నెత్తికెక్కుతారమ్మా" అన్నారు.

"పొగడవద్దు పెద్దాయనా. మీరు చూసింది చెప్పండి, చాలు."

ఆయన కొంతసేపు ఆలోచించారు. తర్వాతి వారం నేను వెళ్లినప్పుడు, చిన్నవాడి వైపు చూడకుండానే, "ఈరోజు మూడో దరువులో వీడి చేయి నిలబడింది" అన్నారు. వాడు తల వంచుకుని పలక సెగ చూపించడానికి మంట దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్దవాళ్లకు శిక్షణ అంటే మేము చేసింది దాదాపు ఇదే. బాగుంది, శభాష్ లాంటి మాటలు వద్దు, ఏం బాగా జరిగిందో చెప్పండి.

అడ్డంకి తల్లుల నుంచి వచ్చింది. దొంగతనం కేసులో ఉన్నవాడి పక్కన మా పిల్లవాడిని ఎలా కూర్చోబెడతామని ఇద్దరు, ముగ్గురు పొదుపు సంఘం మీటింగ్‌లో గట్టిగానే అడిగారు. వాళ్ల భయానికీ డిషన్ లెక్కే ఆధారం కదా, కొట్టిపారేయలేను. ఎంతమంది మధ్య ఒకడు ఉన్నాడన్నదే ముఖ్యమని, పదిహేను మంది మామూలు పిల్లల మధ్య ఒకడుంటే గాలి వాళ్ల వైపే వీస్తుందని చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. కార్యక్రమానికి జాబితా లేదు, ఫలానా పిల్లల కోసం అన్న బోర్డు లేదు, వాడలో ఎవరైనా రావచ్చు. ఫొటోలు కావాలన్న దాతకు ఖాళీ మైదానం ఫొటో పంపాం. ఆయన సంతోషించలేదు.

ఫలితం

ఎలా కొలవాలన్నది మెకార్డ్ ముందే నేర్పింది. పిల్లలను బాగుందా అని అడగలేదు. బడి హాజరు పట్టీ, స్టేషన్ డైరీ, మండలి ముందుకు వచ్చిన కొత్త కేసులు, ఈ మూడు చూశాం. చిన్న చిన్న నేరాల్లో పిల్లల మీద ఎఫ్ఐఆర్ కాకుండా డైరీలో నమోదు చేయాలన్నది నిబంధన. కాబట్టి డైరీ చూడకుండా కేసులు తగ్గాయనడం మోసమే అవుతుంది.

చిన్నవాడు పదో తరగతికి వచ్చాడు. లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. వాడి మీద కొత్త కేసు లేదు. కబడ్డీ పిల్లవాడి హాజరు మెరుగైంది గానీ, రద్దీ రోజుల్లో లాడ్జీల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాడు. మూడోవాడు మధ్యలో చెన్నైకి పనికి వెళ్లిపోయాడు.

నాలుగోవాడు మైదానం వైపు ఒక్కసారి కూడా రాలేదు. పద్దెనిమిది నిండాక ఎర్రచందనం కారుకు ముందు బైకు నడుపుతూ దొరికాడు. ఒక రాత్రికి వాడికి వచ్చే డబ్బు, వాడి అమ్మ ఒక నెలంతా దుప్పట్లు ఉతికితే రాదు. పలకకూ కబడ్డీకీ ఆ లెక్కను ఎదుర్కొనే శక్తి లేదు. సియాటిల్ పరిశోధకులు పిల్లలను ఒకటో తరగతిలో, ఆ 24 పట్టణాల పరీక్షలో అయిదో తరగతి నుంచి పట్టుకున్నారు. పదిహేడేళ్లవాడితో మొదలుపెట్టిన మేము వాళ్ల ఫలితాన్ని ఆశించడం న్యాయం కాదు. పైగా వాళ్ల పట్టణాల్లో పెద్దదానికీ జనాభా యాభై వేలకు మించదు. 2011 లెక్కల నాటికే తిరుపతి రెండు లక్షల ఎనభై వేలు దాటింది. అందుకే ఊరు అనకుండా వాడ అని మొదలుపెట్టాం.

వాడ మొత్తంలో బాగుపడిన హాజరు మా వల్లనే అని కూడా రాయలేను. పోల్చడానికి పక్కన జత లేదు. హెడ్మాస్టరు గారు కొత్తగా వచ్చారు, ఆయన గట్టి మనిషి, ఆ ప్రభావమే ఎక్కువేమో. ఇది మండలికి ఇచ్చిన నివేదికలో కూడా రాశాను.

పక్క వాడవాళ్లు తమకూ కావాలని అడిగారు. వెంటనే ఇవ్వవచ్చు, కానీ ఒక ఏడాది ఆగమన్నాం. ఈలోగా పోల్చి చూడటానికి రెండు బడుల్లోనూ అవే ప్రశ్నలు, అదే నెలలో. ఈసారి అయిదో తరగతి నుంచి మొదలవుతుంది, నామాల డబ్బా ఇంకా చేతిలో ఉన్న వయసు అది. ప్రశ్నపత్రాల జిరాక్సులకు పొదుపు సంఘం డబ్బు ఇస్తోంది. అనుమతి పత్రాల మీద తల్లుల సంతకాలు తీసుకునే పని సచివాలయం మహిళా పోలీసు మొదలుపెట్టారు. లాడ్జీ షిఫ్టు దిగి వచ్చాకే వాళ్లు దొరుకుతారు కాబట్టి ఆమె రాత్రి తొమ్మిది తర్వాత తిరుగుతున్నారు.